శరత్కాలపు హాజరుపట్టిక

శరదృతువన్నంతనే సంస్కృతము చదివినవాని కన్నుల యెదుట రెల్లుపూలు తెల్లనై యాడును, నీరు తేటపడును, హంసలు మరలివచ్చును. కాళిదాసు ఋతుసంహారమున మూడవ సర్గమునంతటిని ఈ ఋతువునకే యిచ్చెను. ఇంగ్లీషు చదివినవానికి కీట్సు 1819లో రచించిన గీతమును, పండ్లబరువున వంగిన యాపిలుకొమ్మలును జ్ఞప్తికి వచ్చును. నేనీ రెండు చదువులును చదివితిని. రెంటిని నమ్ముకొని యిరువది యేండ్లుగా అనంతపురపు మెట్టనేలలో బడిపంతులుగా కాలము గడుపుచున్నాను. ప్రతి సంవత్సరమును ఈ రెండు శరత్తులను పిల్లలకు చెప్పుదును. వారు మర్యాదగల పిల్లలు గనుక విందురు. నమ్మినట్లు మాత్రము కనబడరు. హంసను వారెఱుగరు. యాపిలుపండును సంతలో బండిమీద తప్ప చూడలేదు. పెన్నలో పలు సంవత్సరములు వారు చూచినది యిసుక.

మా శరత్తు వేఱు. ఇచ్చట సంవత్సరమునకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశమున జైసల్మేరు తరువాత మిక్కిలి తక్కువ వాన గల జిల్లా మాదేయని పేరు. ఆషాఢ శ్రావణములలో నైరృతి మబ్బులు పడమటి కనుమలమీదనే తమ బరువు దింపుకొని, మామీదుగా వట్టి గాలియై సాగిపోవును. తూర్పు సముద్రమునుండి బయలుదేరు ఈశాన్యపు మబ్బులు మాదాక వచ్చుసరికి నీరసించును. ఈ రెంటి నడుమ, సెప్టెంబరు అక్టోబరు నెలలలో, మాకు కొంత గట్టిగా వాన పడును. ఇతరులకు ఆకాశము తేటపడు వేళ మేము మబ్బుకొరకు తలయెత్తి చూచుచుందుము. 2022 ఏప్రిల్ 4న జిల్లాను రెండుగా జేసి, పుట్టపర్తి ముఖ్యపట్టణముగా శ్రీ సత్యసాయి జిల్లాను ఏర్పఱచిరి. మబ్బులకు మాత్రము ఈ సంగతి యెవరును తెలిపినట్లు లేదు.

జూను జూలైలలో ఎఱ్ఱనేలను విత్తిన వేరుసెనగ ఈ వానతోనే కాయ నిండును. ఈ వాన వెనుకనే పీకుటకు వచ్చును. మావారు దానిని శెనక్కాయ యందురు. ఈ పీకుడు సంగతి బడికి మిక్కిలి సంబంధించినది గనుక కొంచెము విస్తరించి చెప్పవలెను. నేలలో పదనుండగనే చెట్టు పీకవలెను. పదనాఱి నేల బిగిసెనా, చెట్టు చేతికి వచ్చును; కాయ నేలలోనే నిలిచిపోవును. పీకి వామి వేసిన పిదప వాన తగిలెనా, కాయ బూజుపట్టును, మొలకెత్తును. కట్టె నల్లబడి పశువులు మూతి పెట్టవు. కనుక పది దినముల పనిని నాలుగు దినములలో ముగింపవలెను. అందఱ చేలును ఒక్కమాఱే పదనునకు వచ్చును గనుక ఊరిలోని చేతులన్నియు చాలవు. చెట్టునుండి కాయ తెంపుట కూర్చుండి చేయు పని. దానికి కొలతను బట్టి కూలి. పదియేండ్ల పిల్లయు చేయగలదు. చేయుచున్నది.

ఇక బడి పంచాంగము చూడుడు. సెప్టెంబరు 5న ఉపాధ్యాయదినము. ఆ దినములలోనే మండలపు ఆటల పోటీలు. పిదప దసరా సెలవులు. సెలవులు ముగిసిన కొలది దినములకే దీపావళి, కార్తికము, వనభోజనము. నవంబరు 14న బాలలదినము; ఆనాడే మొదలగు గ్రంథాలయ వారోత్సవము. ఊరిని బడిలోనికి పిలుచు సందర్భములన్నియు ఈ రెండున్నర నెలలలోనే క్రిక్కిఱిసియున్నవి. ఊరు చేనిలో నుండు దినములును ఇవియే. అయినను పండుగ జరుగును, ఛాయాచిత్రములు తీయుదురు, వేదికమీది పెద్దలు ఊరంతయు కదలివచ్చినదని సంతోషింతురు. ఆ మాట వినినప్పుడెల్ల లోపలికి బోయి హాజరుపట్టిక తెఱచి చూచుట నాకలవాటు. వచ్చినవారెవరో వేదికమీదనుండియు తెలియును. రానివారెవరో పట్టికలోనే తెలియును.

ఆ రానివారెవరు? బోరుబావి గలవారి కుమారులు కారు. వారిలో ననేకులు మా బడిలోనే లేరు. పసుపుపచ్చని బస్సెక్కి పట్టణపు ప్రైవేటుబడికి పోవుదురు. అదే యింటి యాడుపిల్ల మాత్రము మా బడికి వచ్చును. ఈ ధర్మసూక్ష్మమును నేనే శాస్త్రమునందును చదివియుండలేదు. రానివారు కూలివారి పిల్లలు, వారిలోను బాలికలు. తల్లి వెంట కాయ తెంపబోయిన పిల్ల యొకతె. తల్లి కాయ తెంపబోగా తమ్ముని ఎత్తుకొని యింట నిలిచిన పిల్ల యొకతె. ఎవరికొఱకు ప్రభుత్వబడి యున్నదో వారే ఆ బడి పండుగలో లేరు.

ఈ లోటు నిన్న మొన్నటిది కాదు. 1822లో మద్రాసు గవర్నరుగా నుండిన మన్రో తన యేలుబడిలోని బడులనన్నిటిని లెక్కించి పంపుడని కలెక్టర్లకు ఉత్తరువిచ్చెను. అప్పటికి మా సీమ బళ్ళారి జిల్లాలోనిది. అనంతపురము వేఱు జిల్లా యైనది 1882లో. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబును, ధర్మపాల్ 1983లో ప్రకటించిన గ్రంథమున నెవరైనను చదువుకొనవచ్చును. జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలో తెలుగువి 226, కన్నడమువి 235. చదువు పిల్లలు 6,641 మంది. అనగా వేయి మంది జనులకు ఏడుగురికి కొంచెము పైమాట మాత్రమే. బాలికలు 60 మంది. ఆ బడులలో ఉదయము ముందుగా వచ్చిన పిల్లవాని అరచేత సరస్వతి పేరు వ్రాసెడివారట. రెండవవాని చేత సున్న చుట్టెడివారట. మూడవవానికొక దెబ్బ, నాలుగవవానికి రెండు, తరువాతివారికి ఒక్కొక్కటి హెచ్చు. బడిగుమ్మమే చూడని పిల్లల యరచేతుల సంగతి ఆ నివేదికలో లేదు.

దీనిని మన పూర్వపు చదువుల వైభవమునకు సాక్ష్యముగా చూపువారు కలరు. 1931 అక్టోబరు 20న లండనులో గాంధీగారు, ఆంగ్లేయులు మన చదువను చెట్టు వేళ్లు త్రవ్వి చూచి యట్లే విడిచిపెట్టగా ఆ చెట్టు చచ్చెనని చెప్పిరి. అందులో సత్యము లేకపోలేదు. దేశము పేదపడుటచే, పూర్వము బడులున్న పలు గ్రామములలో ఇప్పుడవి లేవని క్యాంబెల్ తానే వ్రాసెను. కఱవుసీమలో బడి మొదట చచ్చును, గుడి తరువాత. కాని ఆ చెట్టు బ్రదికియున్న దినములలో దాని నీడ ఎవరిమీద పడెననునది బడిపంతులు విడువరాని ప్రశ్న.

వీథిబడుల నాటి దసరా వేడుక పెద్దలెఱుగుదురు. అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికిని పోవును. పిల్లలచేత రంగుకాగితములంటించిన విల్లంబులుండును. గుమ్మము నెదుట నిలిచి పాడుదురు. గృహస్థుడు అయ్యవారికి రూకయో బట్టయో యిచ్చును. పిల్లలకు పప్పు బెల్లములు పెట్టును. ఆ పాటను నేనిచ్చట వ్రాయనక్కఱలేదు. వినుటకు వేడుక గాని, దాని యడుగున నున్నది జీతములేని చదువరి ఆకలి. ఏడాది పొడుగున అక్షరములు దిద్దించినవాడు తన గ్రాసమును పిల్లలచేత పాడించి యడిగించుకొనవలసివచ్చెను. మా తాతగారు అట్టి బడిలోనే చదివిరి. విల్లు పట్టుకొని తిరిగిన వీథులను ఆయన వేళ్లమీద లెక్కపెట్టి చెప్పెడివారు: కోమట్ల వీథి, రెడ్ల వీథి, గుడి వీథి. మాలపల్లె ఎందుకు రాలేదని నేను చిన్నతనమున నడిగితిని. వారి పిల్లలు బడిలో లేరుగదా, అచ్చటికి పోవుటెందుకని ఆయన సహజముగా ననిరి. ఆయన క్రూరుడు కాడు. ప్రశ్న ఆయనకు విపరీతముగా దోచెను, అంతే.

ఆ దినములు పోయినవి, పోవుటయే మేలు. 1959 నాటి చట్టముతో జిల్లా పరిషత్తులు ఏర్పడెను. జీతముగల పంతులు వచ్చెను. బడి తలుపు అన్ని వీథులకును తెఱవబడెను. విల్లంబులు మూలబడెను. అయితే వానితోపాటు ఇంకొకటియు మూలబడెను. పంతులు సంవత్సరమునకొక దినమైనను ఊరి గడపలు త్రొక్కెడివాడు; ఇప్పుడు త్రొక్కుట లేదు. ఉదయము పట్టణమునుండి మోటారుసైకిలుమీద వచ్చును, సాయంకాలము పోవును, నేనును అంతియే. ఊరివారికి బడి సర్కారువారిది. పంతులు సర్కారు మనిషి. 2009 నాటి విద్యాహక్కు చట్టమునుబట్టి ప్రతి బడికిని ఒక యాజమాన్యకమిటీ యున్నది. అందులో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులు, సగము స్త్రీలు. చట్టము మంచిది. సమావేశపు పుస్తకమున సంతకములు చక్కగా నుండును, వ్రేలిముద్రలును చక్కగా నుండును. కాని చట్టము ఎవరి కాళ్లను నడిపింపజాలదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలుగురు ఉపాధ్యాయులము ఆలోచించి, దసరా సెలవులకు ముందు దినమున పిల్లలతో ఊరంతయు తిరుగ నారంభించితిమి. విల్లంబులు పిల్లలకు సరదా గనుక వానిని చేయించితిమి. నియమములు మూడు. ఎవరిని ఏమియు నడుగరాదు. ఊరి చివరనున్న ఎస్సీ కాలనీనుండి మొదలుపెట్టి గుడి వీథిలో ముగింపవలెను. బడిలో పేరున్న ప్రతి పిల్ల యింటిముందు నిలిచి, ఆ పేరు పెద్దగా చదివి, బడి మరల తెఱచు తేదీ చెప్పవలెను. హాజరుపట్టికను చంకబెట్టుకొని వీథులవెంట నడచుట మొదట మాకే కొంత నవ్వు పుట్టించెను.

ఊరివారికి నవ్వు రాలేదు, అనుమానము వచ్చెను. ఒక యవ్వ గడపలోనుండియే “ఎంత ఇయ్యల్ల అయివారూ?” అని యడిగెను. ఏమియు వలదు, నీ మనుమరాలి పేరు చదివిపోవుటకే వచ్చితిమంటిని. ఆమె కదలలేదు. “వట్టి చేతుల్తో పంపిస్తే బాగుంటాదా?” అని లోపలికి బోయి చేటలో పుట్నాలపప్పును బెల్లమును తెచ్చెను. ఆ యింటివారిని మా తాతగారి నాటి బడి ఎన్నడును పప్పు బెల్లము లడిగియుండదు. నియమము నియమమే యని నేను కూడదంటిని. నా వెనుకనున్న పిల్లలు అప్పటికే చేతులు చాచియుండిరి. తరువాతి సంవత్సరమునుండి మొదటి నియమమును సడలించితిమి: రూకలు కూడవు, పప్పు బెల్లములు కూడును.

ఇచ్చట నొకమాట. 2020 జనవరిలో మధ్యాహ్నభోజనమునకు వేరుసెనగ చిక్కీని చేర్చి వారమునకు మూడు దినములు పెట్టసాగిరి. 2024లో ఆ భోజనమునకు గోదావరిసీమ యన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. చిక్కీ అనగా బెల్లపు పాకమున పోసిన మా చేని కాయయే. దసరానాటి పప్పు బెల్లములను వారమునకు ముమ్మాఱు సర్కారే పెట్టుచుండగా, ఊరివారు పెట్టిన పిడికెడు పప్పునకై పిల్లలెందుకు త్రోసికొందురో పోషకాహారశాస్త్రము చెప్పజాలదు.

ఆ తిరుగుటలో ఒక యింటి తలుపునకు తాళము, గుమ్మమునకడ్డముగా ముండ్లకంప. వాన తప్పినందున కోతకు నిలువక ముందుగనే బెంగళూరునకు పోయినవారు. కఱవు సంవత్సరములలో మాకిది క్రొత్త కాదు. పట్టికలో పేరున్నది గనుక పిల్లలు నిలిచి ఆ తలుపునెదుటనే ఆ బాలిక పేరు చదివిరి. ప్రక్కయింటివారివద్ద ఫోను సంఖ్య యుండెను. పిలువగా తల్లి పలికెను. వెనుక కంకరమిల్లు చప్పుడు. బడివారమని చెప్పినంతనే ఆమె భయపడి, “పాప పేరు కొట్టేయొద్దు సార్, సంక్రాంతికి వచ్చేస్తాము” అనెను. ఎనిమిది తరగతులు ముగియువఱకు పిల్లను బడినుండి తొలగింపరాదని చట్టమున నున్నదని, పేరు ఎక్కడికిని పోదని నేను చెప్పితిని. ఆమెకు చట్టముమీద నమ్మకము కలిగెనో లేదో. తన కుమార్తె పేరు చదువుటకు నలువదిమంది పిల్లలు తన వాకిట నిలిచియున్నారను మాట మాత్రము రెండుమాఱులు చెప్పించుకొని వినెను. వలసపోవువారి పిల్లలకు సీజనల్ హాస్టళ్లు నడపిన సంగతి నేనెఱుగుదును. అవి పెక్కుమంది చదువును నిలిపినవి. కాని తాము లేని యూర ఆడుపిల్లను విడుచుటకు ఒప్పని తల్లులు కలరు. వారిని తప్పుపట్టువాడను కాను.

వనభోజనము సంగతి యింతకన్న చిక్కైనది. కార్తికమున ఉసిరిచెట్టుక్రింద భోజనము పుణ్యమని శాస్త్రము. మాకు ఉసిరి లేదు. నీరులేని చెఱువుగట్టున చింతతోపు గలదు. పూర్వము ప్రతి పిల్లయు ఇంటినుండి డబ్బా తెచ్చెడిది. డబ్బా మూత తెఱచినంతనే ఇల్లు బయటపడును. చిత్రాన్నము, ఓళిగలు తెచ్చినవారొకచోట చేరుదురు. సంగటి తెచ్చినవారు ఎవరును చెప్పకయే దూరపు చెట్టును వెదకికొందురు. ఎవరిని ఎవరును దూరముగా కూర్చుండుమనలేదు గనుక ఎవరిమీదను నేరము మోపుటకు వీలులేదు. మా సంఘమున అంటరానితనము ఇప్పుడు ఇట్టి నేర్పుతో బ్రదుకుచున్నది.

డబ్బాలు మాన్పితిమి. బడిలో రోజును వండెడు ఇరువురు స్త్రీలే తోపులోను వండవలెనని కమిటీలో తీర్మానించితిమి. వారిలో నొకతె కాలనీనుండి వచ్చునది. బడివంటకు దళితులకు ముందుగా అవకాశమీయవలెనని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆజ్ఞాపించెను. కఱవు మండలములలో వేసవి సెలవులందును పిల్లలకు భోజనము పెట్టవలెననియు ఆ యాజ్ఞలోనే యున్నది. బియ్యము బడిది. ప్రతి యింటినుండి తేవలసినది ఒక్కటే, పిడికెడు వేరుసెనగ. ఆ ఋతువున అది లేని యిల్లు లేదు. చేను లేనివానికిని కాయకూలి కాయరూపముననే కొంత వచ్చును. అందఱి కాయలను ఒక్క బాణలిలో వేయించి, ఒక్క రోటిలో ఊరిబిండి నూఱుదురు. నూఱిన పిదప ఏ గింజ ఏ వీథిదో బ్రహ్మయైనను చెప్పలేడు.

మొదటి సంవత్సరము అయిదుగురు పిల్లలు నియమమును మీఱి డబ్బాలు తెచ్చిరి. తెచ్చిరనుటకన్న ఇంటివారు పంపిరనుట న్యాయము. ఆ డబ్బాలను ఒక చెట్టుమొదట పెట్టించితిని. తినుడనియు అనలేదు, తినవలదనియు అనలేదు. పంక్తిలో వారికిని ఆకులు వేయించితిని. ఇరువురు పంక్తిలో కూర్చుండిరి. ఇద్దఱు చెట్టుకడకు బోయి తమ డబ్బాలు తినిరి. ఒకడు మాత్రము అటును ఇటును పోక, కడుపునొప్పియని చెప్పి ఆటస్థలమున నొంటిగా నుండెను. సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు ఆ పిల్లవానికి అరటిపండొకటి యిచ్చితిని. పదియేండ్లవానిచేత పెద్దల తగవును మోయించుట నాకు కష్టముగా తోచెను, ఇప్పటికిని తోచుచున్నది. మఱునాడు ఒక పెద్దాయన బడికి వచ్చి, సంస్కృతము చదివిన అయివారే యిట్లు చేసిన నిక చెప్పునదేమున్నదని నిష్ఠూరమాడి పోయెను. ఆ యింటివారు నేటివఱకు వనభోజనమునకు పిల్లలను పంపుట లేదు. బడికి మాత్రము పంపుచున్నారు. బడిలో ఆ వంటనే ఆ పిల్లలు తినుచున్నారు. ఈ సంగతి ఆ పెద్దాయనకు తెలియునో తెలియదో నేనడుగలేదు.

ఇక తేదీ. కార్తికములోని సెలవుదినము గదాయని మొదట ఆదివారమొకటి నిర్ణయించితిమి. పట్టికలో పదునెనిమిది పేర్లకు ఎదుట సున్నలు నిలిచెను, పీకుడు ముగియలేదు గనుక. అప్పటినుండి తేదీని పంచాంగము చూచి నిర్ణయించుట మానితిమి. కమిటీలోని తల్లులు నిర్ణయింతురు. ఏ చేను ఎన్నడు పదనునకు వచ్చునో, ఎవరు ఎచ్చటికి కూలికి పోవుదురో వారికి తెలిసినట్లు మాకు తెలియదు. ఒకమాఱు వారు నిర్ణయించిన దినము మార్గశిరమున పడెను. కార్తికము దాటిన వనభోజనమునకు పుణ్యమెచ్చటిదని సహోపాధ్యాయుడొకడు పరిహాసమాడెను. పుణ్యము సంగతి తెలియదు. ఆనాడు పట్టికలో మూడే సున్నలుండెను. ఆ ముగ్గురును బెంగళూరున నున్నవారు.

ఈ యేడు వాన ఆలస్యముగా వచ్చెను. గుడివైపు చేలు పీకుడునకు వచ్చినవి. చెఱువు క్రిందివి ఇంకను పచ్చగనే యున్నవి. నిన్న కమిటీలోని తల్లి యొకామె బడి గేటువద్ద నిలిచి, కాలనీవారు పది దినములకు పైమాటకు పొరుగూరి కాయకు ఒప్పుకొన్నారని, వారు వచ్చువఱకు తేదీ వేయవలదని చెప్పిపోయెను. బాణలి పట్టణమునుండి అద్దెకు తేవలసియున్నది. అద్దెవాడు దినము చెప్పుమనుచున్నాడు. రెండు దినములాగుమని చెప్పితిని.